6502 అసెంబ్లీ: అచ్చు పుస్తకంలో నేర్చుకోవాలా, ఆన్‌లైన్‌లోనా?

అమెరికాలోని ఎంఓఎస్ టెక్నాలజీ అనే సంస్థ 1975లో 6502 ప్రాసెసర్‌ను 25 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. పోటీ సంస్థల చిప్‌ల ధర అప్పట్లో వందల డాలర్లలో ఉండేది. ఆ చవకదనం కూడా తోడై 1977లో ఆపిల్ 2, కమడోర్ పెట్, 1981లో బ్రిటన్‌లో బీబీసీ మైక్రో కంప్యూటర్లు దీని మీద తయారయ్యాయి. కొద్ది మార్పులతో 1982లో కమడోర్ 64లోకి, 1983లో జపాన్‌లో నింటెండో వీడియోగేమ్ యంత్రంలోకి కూడా ఇదే చేరింది. ఆ యంత్రాల తయారీ ఏనాడో ఆగిపోయినా వాటికి ప్రోగ్రాములు రాసేవాళ్లు ఇంకా ఉన్నారు. కొందరికి అది సరదా. మరికొందరికి కంప్యూటర్ లోపల నిజంగా ఏం జరుగుతోందో తెలుసుకునే దారి. దేన్ని పెట్టుకుని మొదలుపెట్టాలన్నదే వీళ్లందరికీ ముందుగా వచ్చే సందేహం. 1980 ప్రాంతంలో అచ్చయిన లావుపాటి పుస్తకాలు ఒకవైపు, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే పట్టికలు, మాన్యువళ్లు, పాఠాలు మరోవైపు ఉన్నాయి.

రెండింటికీ తేడా ఒక చిన్న ఉదాహరణలో తెలుస్తుంది. కమడోర్ 64లో తెర చుట్టూ ఉండే అంచుకు ఎర్ర రంగు వేయడానికి రెండు ఇన్‌స్ట్రక్షన్లు చాలు. మొదటిది ఎల్‌డీఏ. ఇది 2 అనే అంకెను అక్యుములేటర్ అనే రిజిస్టర్‌లోకి తెస్తుంది. రెండోది ఎస్‌టీఏ. ఇది ఆ అంకెను డీ020 అనే హెక్సాడెసిమల్ అడ్రస్‌లో పెడుతుంది. అంచు రంగు సంఖ్య ఉండే చోటు అదే, 2 అంటే ఎరుపు. మెమరీలో ఈ రెండూ కలిసి ఏ9, 02, 8డీ, 20, డీ0 అనే ఐదు బైట్లు అవుతాయి. డీ020 అని రాస్తే మెమరీలో 20 ముందు, డీ0 వెనక ఎందుకు పడ్డాయి? కొత్తవాళ్లు సాధారణంగా ఆగిపోయేది ఇక్కడే.

ఆన్‌లైన్ పట్టికలో చూస్తే 8డీ అంటే ఎస్‌టీఏ, మూడు బైట్లు, నాలుగు సైకిళ్లు అని ఉంటుంది. ఒక్క అక్షరం తప్పుండదు, కానీ కారణం కూడా ఉండదు. ఈ చిప్ ఒకసారికి ఒక్క బైటే చదవగలదు. అడ్రస్‌లో చిన్న భాగం ముందుగా చేతికొస్తే, పెద్ద భాగాన్ని తెచ్చుకుంటూనే చిన్న భాగానికి ఇండెక్స్ రిజిస్టర్ విలువను కలిపేయవచ్చు. ఆ కూడికలో 255 దాటితే పెద్ద భాగాన్ని మళ్లీ సరిచేయాలి. చదివే ఇన్‌స్ట్రక్షన్లకు కొన్నిసార్లు ఒక సైకిల్ ఎక్కువ పట్టేది అందుకే. పట్టికలో రెండు చోట్ల విడివిడిగా కనిపించే వింతలకు మూలం ఒక్కటే. ఈ వివరణ బుర్రకెక్కాలంటే ముందు బైటు, తర్వాత అడ్రస్ బస్, ఆపైన ఇండెక్స్ రిజిస్టర్లు వరుసగా తెలిసి ఉండాలి. పుస్తకం ఇచ్చేది ఆ వరుసనే.

రోడ్నే జాక్స్ రాసిన 'ప్రోగ్రామింగ్ ది 6502' ద్విసంఖ్యలతో మొదలై చిప్ నిర్మాణం, చిన్న చిన్న ప్రోగ్రాములు, ఇన్‌స్ట్రక్షన్లు, అడ్రసింగ్ పద్ధతులు, బయటి పరికరాలతో పని అనే మెట్ల మీదుగా నడిపిస్తుంది. 1979లో వచ్చిన లాన్స్ లెవెంథాల్ పుస్తకం లెక్కల మాస్టారి తరహాలో సాగుతుంది. సమస్య ఇచ్చి, ఫ్లోచార్టు గీసి, ప్రోగ్రాము రాసి, దాని బైట్లను కూడా పక్కనే చూపిస్తుంది. నేటి సాఫ్ట్‌వేర్ మీద రాసిన పుస్తకం నాలుగేళ్లకే పాతబడుతుంది. వీటికి ఆ బెడద లేదు, ఎందుకంటే ఇవి వివరించే చిప్ ఇక మారదు. 1979లో నిజమైన వాక్యం ఇప్పటికీ నిజమే.

అయితే ఆ పుస్తకాల్లో ఉన్న తప్పులు కూడా అలాగే మిగిలిపోయాయి. బైట్ల జాబితాలో ఒక్క అంకె తప్పు పడినా యంత్రం బిగుసుకుపోతుంది. పాఠకులు పేజీలకు పేజీలు టైపు చేసే ఆ రోజుల్లో, వాళ్ల పొరపాట్లను పట్టుకోవడానికి 'కంప్యూట్' పత్రిక ప్రత్యేకంగా ఒక సరిచూసే ప్రోగ్రామునే ప్రచురించాల్సి వచ్చింది. రాసిన ప్రోగ్రామును బైట్లుగా మార్చే అసెంబ్లర్లతో ఇంకో చిక్కుంది. ప్రోగ్రాము ఏ అడ్రస్‌లో మొదలవ్వాలో చెప్పడానికి ఒక అసెంబ్లర్ ఓఆర్‌జీ అంటుంది, మరొకటి నక్షత్రం గుర్తు, సమాన గుర్తు అడుగుతుంది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు ఇప్పటి అసెంబ్లర్‌లో ఎక్కిస్తే లోపాల జాబితా ప్రత్యక్షమవుతుంది. తప్పు తనదేమోనని కొత్తవాళ్లు నిరుత్సాహపడేది ఎక్కువగా ఇలాంటప్పుడే. పుస్తకంలో చదివిన దశాంశ కూడికను నింటెండో యంత్రంలో ప్రయత్నించినా పని జరగదు, అందులోని చిప్‌లో ఆ సౌకర్యాన్ని పనిచేయకుండా చేశారు.

ఆన్‌లైన్ పత్రాలు పుస్తకాలను పూర్తిగా దాటిపోయిన చోటు ఒకటి ఉంది. ఒక బైటులో 256 విలువలు సాధ్యం. వాటిలో తయారీదారు ఇన్‌స్ట్రక్షన్లుగా అర్థం చెప్పినవి 151 మాత్రమే. మిగతా 105 జోలికి పోవద్దని పాత పుస్తకాలు సలహా ఇచ్చాయి. వాటిలో కొన్ని యంత్రాన్ని ఆపేస్తాయి, కొన్ని మాత్రం ఎల్ఏఎక్స్ లాగా ఒకే దెబ్బకు రెండు రిజిస్టర్లను నింపుతాయి. ఏది ఎప్పుడు ఏం చేస్తుందో ఔత్సాహికులు ఏళ్ల తరబడి పరీక్షించి నమోదు చేశారు. 2010లో వెలువడిన విజువల్ 6502 ప్రాజెక్టు చిప్‌ను మైక్రోస్కోప్ కింద ఫోటో తీసి, దాని వేలాది ట్రాన్సిస్టర్ల పనితీరును వెబ్ బ్రౌజర్‌లోనే నడిపి చూపించింది. దాంతో ఊహలకు తెరపడి కారణాలు కళ్లకు కనబడ్డాయి.

అసలు బజారులోకి పుస్తకంగా రాని సమాచారం సంగతి వేరు. అటారీ 2600 వీడియోగేమ్ యంత్రం కోసం 1979లో సంస్థ లోపల రాసుకున్న 'స్టెల్లా ప్రోగ్రామర్స్ గైడ్' ఇప్పుడు అందరికీ అందుతోందంటే ఇంటర్నెట్ వల్లే. నింటెండో యంత్రం గురించి నేడు తెలిసినదాంట్లో చాలా భాగం అభిమానులు శోధించి రాసిపెట్టిందే.

ఆన్‌లైన్‌కు కూడా లోపాలున్నాయి. పాత పుస్తకాన్ని స్కాన్ చేసి అక్షరాలుగా మార్చినప్పుడు 8 కాస్తా బీ అవుతుంది, సున్నా కాస్తా ఓ అవుతుంది. మామూలు వ్యాసంలో ఇది చిన్న దోషం, హెక్సాడెసిమల్ జాబితాలో ప్రాణాంతకం. పేజీలు మాయమవుతాయి కూడా. 2009లో జియోసిటీస్ అనే వెబ్‌సైట్ మూతపడినప్పుడు ఇలాంటి ఔత్సాహికుల పేజీలెన్నో దానితోపాటు పోయాయి. మరికొన్ని ఆర్కైవుల్లో బతికాయి. వెతికిన ముక్కే దొరికి, దాని ముందూ వెనకా కనిపించకపోవడం నేర్చుకునేవాళ్లకు ఇంకా పెద్ద నష్టం.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇంజినీరింగ్, పాలిటెక్నిక్ చదివినవారిలో చాలామందికి ఈ విద్య కొత్తేమీ కాదు. రమేష్ గోన్కర్ పుస్తకం ముందు పెట్టుకుని, ల్యాబ్‌లో 8085 ప్రాసెసర్ కిట్ మీద 3ఈ, 05 అంటూ బైట్లు నొక్కినవాళ్లే. ఆ 3ఈ, 05 జెడ్80 అనే చిప్‌లో కూడా అక్యుములేటర్‌లోకి 5ను తెచ్చేదే, రాసే పేరు మాత్రమే వేరు. అందుకే వారికి 6502 కంటే జెడ్80, దాని మీద నడిచిన జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ కంప్యూటర్ తేలిక. 8085లోనూ ఇంటెల్ మాన్యువల్‌లో చెప్పకుండా వదిలేసిన పది ఇన్‌స్ట్రక్షన్లున్నాయి. వాటి వివరం పాఠ్యపుస్తకంలో కాక ఆన్‌లైన్ పత్రాల్లో వెతుక్కోవాలి.

కాబట్టి మొదలుపెట్టేవారు ఒకే ఒక పుస్తకాన్ని ఎంచుకుని మొదటి పేజీ నుంచి వరుసగా చదవడం మేలు. ప్రతి ఉదాహరణనూ పాత యంత్రాన్ని అనుకరించే వైస్ వంటి ఎమ్యులేటర్‌లో స్వయంగా టైపు చేసి, ఒక్కో ఇన్‌స్ట్రక్షన్‌కు ఆపుతూ రిజిస్టర్లు ఎలా మారుతున్నాయో చూడాలి. ఆన్‌లైన్ పట్టిక పక్కన తెరిచి ఉండాలి. పుస్తకం ఒకటి చెప్పి యంత్రం మరొకటి చేస్తే, చిప్‌ను పరీక్షించి రాసిన ఆన్‌లైన్ పత్రాన్నే నమ్మాలి. డబ్బు పెట్టి పాత పుస్తకాలు తెప్పించుకోలేనివారికి అస్బోర్న్ సంస్థ 1980ల నాటి తన పిల్లల కంప్యూటర్ పుస్తకాలను పీడీఎఫ్‌లుగా ఉచితంగా ఇచ్చింది. 'మెషిన్ కోడ్ ఫర్ బిగినర్స్' వాటిలో ఒకటి. కాలేజీ లైబ్రరీలో గానీ ఇంటి అటక మీద గానీ పాత ప్రాసెసర్ మాన్యువల్ కనిపిస్తే తూకానికి వేసేముందు, దాని స్కాన్ ఎక్కడైనా ఉందో లేదో ఒక్కసారి వెతికి చూడండి.