ఇంటి ఎదురుగా సెల్ టవర్ ఉందా? రూ.4 వేలు కడితే కొలిచి చెప్తారు.. మరి దిండు పక్కన ఫోన్ సంగతేంటి?

తిరుపతి: పక్క మిద్దె మీద సెల్ టవర్ లేచిందంటే చాలు.. వీధి మొత్తం టెన్షన్. చిన్నపిల్లలో, గర్భిణో ఉన్న ఇల్లయితే ఇక చెప్పక్కర్లేదు. తిరుపతి కొర్లగుంట అయినా, చిత్తూరు గ్రీమ్స్‌పేట అయినా ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకునే ఉంటాయి. టవర్‌కి చోటిచ్చిన ఓనర్‌తో గొడవ పడేలోపు చేయాల్సిన పని ఒకటుంది.. కొలిపించడం!

కేంద్ర టెలికాం శాఖ 2017 మే నెలలో ‘తరంగ్ సంచార్’ పోర్టల్ తెచ్చింది. మన ఏరియాలో ఏ టవర్ ఎక్కడుంది, రూల్స్ పాటిస్తోందా లేదా అన్నది అందులో ఉచితంగా చూసుకోవచ్చు. రూ.4,000 ఫీజు కడితే టెలికాం శాఖ సిబ్బంది వచ్చి రేడియేషన్ కొలుస్తారు. అంతర్జాతీయ పరిమితిలో పదో వంతునే లిమిట్‌గా పెడుతూ మన దేశం 2012 సెప్టెంబర్ 1 నుంచి రూల్ తెచ్చింది. 1800 మెగాహెర్ట్జ్ దగ్గర అది చదరపు మీటరుకు 0.92 వాట్.

చాలామంది పొరబడేది ఇక్కడే. టవర్ సరిగ్గా కింద ఉన్న ఇంటికే డేంజర్ అనుకుంటారు. నిజానికి యాంటెన్నా తరంగాలు లైట్‌హౌస్ వెలుగులా ముందుకు పోతాయి, నేరుగా కిందికి పడేది తక్కువ. చూసుకోవాల్సింది యాంటెన్నాకి ఎదురుగా, అదే ఎత్తులో ఉన్న మిద్దెను. టెలికాం శాఖ 2013లో రాష్ట్రాలకు పంపిన సూచనల్లో కూడా ఇలా ఎదురుగా ఉండే బిల్డింగ్‌కి ఒక్క యాంటెన్నా అయితే 20 మీటర్లు, రెండయితే 35 మీటర్ల దూరం ఉండాలని ఉంది.

దూరం, దిశ ఎంత ముఖ్యమో తెలియాలంటే తిరుపతి-చిత్తూరు రోడ్డులో గాదంకి చూస్తే చాలు. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో 1,024 యాంటెన్నాల ఎంఎస్‌టీ రాడార్ ఉంది. మొదట్లో దాని పీక్ పవర్ 2.5 మెగావాట్లు! కానీ ఆ పవర్ పోయేది ఆకాశం వైపు.

చెవికి ఆనించే ఫోన్ కథ వేరు. 4జీ ఫోన్ గరిష్ఠంగా పంపేది 0.2 వాట్ మాత్రమే, కానీ తలకీ దానికీ మధ్య దూరమే లేదు. పైగా సిగ్నల్ ఒక్క గీత ఉన్నప్పుడు ఫోన్ ఎక్కువ పవర్‌తో టవర్‌ని వెతుక్కుంటుంది. ఘాట్ రోడ్డులో బ్యాటరీ తొందరగా దిగిపోయేది అందుకే. అంటే వీధిలో టవర్ తీసేయిస్తే ఫోన్ నుంచి వచ్చేది పెరిగే ఛాన్స్ కూడా ఉంది. స్పీకర్ ఆన్ చేయడం, ఇయర్‌ఫోన్స్ వాడటం, సిగ్నల్ లేనిచోట పెద్ద కాల్స్ మానుకోవడం.. పైసా ఖర్చు లేని పనులివి. *#07# కొడితే మీ ఫోన్ ‘సార్’ విలువ వస్తుంది. మన దేశంలో అది కిలోకు 1.6 వాట్స్ దాటకూడదు.

ఫోన్ వెనక అతికించే ‘యాంటీ రేడియేషన్’ స్టిక్కర్ల జోలికి పోవద్దు. అది యాంటెన్నాకి అడ్డొస్తే ఫోన్ ఇంకా పవర్ పెంచుతుంది. ఇలాంటివి అమ్మిన రెండు కంపెనీల మీద అమెరికా ట్రేడ్ కమిషన్ 2002లోనే కేసు పెట్టింది.

ఇక ఇంట్లో కరెంటు. వైర్లు, మోటార్లు, ఇన్వర్టర్ల నుంచి వచ్చేది 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రం. దీన్ని కొలవాలంటే గాస్ మీటర్ కావాలి. ప్లేస్టోర్‌లో దొరికే ‘ఈఎంఎఫ్ డిటెక్టర్’ యాప్స్ వాడేది ఫోన్‌లోని దిక్సూచి సెన్సర్‌నే. మన దగ్గర ఏమీ లేకపోయినా అది దాదాపు 40 మైక్రోటెస్లా చూపిస్తుంది. కంగారు పడొద్దు, అది భూమి అయస్కాంతం!

ప్రపంచ ఆరోగ్య సంస్థ చూపే లెక్కల్లో మైక్రోవేవ్ ఓవెన్‌కి 3 సెంటీమీటర్ల దగ్గర 73 నుంచి 200 మైక్రోటెస్లా. మీటరు దూరం జరిగితే 0.25 నుంచి 0.6 మాత్రమే. సాధారణ ప్రజలకు అంతర్జాతీయ పరిమితి 200. అయితే సగటున 0.3-0.4 దాటిన ఇళ్లలోని పిల్లల్లో లుకేమియా కాస్త ఎక్కువగా కనిపించిందని కొన్ని అధ్యయనాలు చెప్పాయి. అదే కారణమని మాత్రం తేలలేదు. అందుకే క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ దీన్ని 2002లో, సెల్ తరంగాలను 2011లో ‘బహుశా కారణం కావొచ్చు’ అనే 2బీ గ్రూపులో పెట్టింది. కలబంద ఆకు మొత్తం నుంచి తీసిన సారం కూడా అదే గ్రూపులో ఉంది మరి. 2024లో వచ్చిన పెద్ద సమీక్షలో మొబైల్‌కీ మెదడు క్యాన్సర్‌కీ సంబంధం కనబడలేదు.

కాబట్టి భయం అక్కర్లేదు కానీ, పిల్లల మంచం తల వైపు గోడకి అవతల ఇన్వర్టరో, మీటర్ బోర్డో ఉంటే మంచాన్ని ఓ మీటరు జరపండి. వైఫై రూటర్‌ని బెడ్‌రూమ్‌లోంచి హాల్లోకి మార్చితే సరి.

మిద్దె మీదుగా 11 కేవీ లైను పోతున్న ఇళ్లది మాత్రం వేరే లెక్క. అక్కడ రేడియేషన్ కంటే షాక్ ముప్పే ఎక్కువ. రూల్ ప్రకారం లైను మిద్దెకి పైన 3.7 మీటర్లు, పక్కన 1.2 మీటర్ల దూరంలో ఉండాలి. అంతకంటే దగ్గరుంటే బట్టలారేసే తీగ ఇనుపదా అని ముందు చూసుకుని, వెంటనే ఎస్పీడీసీఎల్ ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి.