శరత్కాలపు వాన: కోతకూ విత్తుకూ నడుమ

ఖరీఫ్, రబీ అనే మాటలు మన రైతుల నోట నిత్యమూ వినిపిస్తూ ఉంటాయి. ఇవి రెండూ అరబీ పదాలు. ఫారసీ, ఉర్దూల మీదుగా, భూమిశిస్తు లెక్కల వెంట తెలుగులోనికి వచ్చి స్థిరపడినవి. ‘ఖరీఫ్’ అనగా శరత్తు. ‘రబీ’ అనగా వసంతం. విత్తే కాలాన్ని బట్టి గాక, కోసే కాలాన్ని బట్టి పంటలకు ఈ పేర్లు ఏర్పడ్డాయి. వీటినే కృష్ణా గోదావరి డెల్టాలలో సార్వా, దాళ్వా అనీ, తెలంగాణలో వానాకాలం, యాసంగి అనీ వ్యవహరిస్తారు. పేరు ఏదైనా, ఒక పంట ఇంటికి చేరే పనీ, మరొక పంట నేలలో పడే పనీ కలిసే సంధి శరదృతువు. ఆ సంధిలో కురిసే వాన స్వభావమేమిటో ఒకింత పరిశీలిద్దాము.

నైరుతి రుతుపవనాలు సాధారణంగా అక్టోబరు మధ్యనాటికి తెలంగాణను విడిచిపోతాయి. ఆ మాసాంతానికి గాలి దిక్కు మారి, ఈశాన్య రుతుపవనాలు కోస్తాను తాకుతాయి. బంగాళాఖాతంలో పెనుతుపానులు తరచుగా పుట్టేది కూడా అక్టోబరు, నవంబరు మాసాలలోనే. రైతుల లెక్కలో ఇవి చిత్త, స్వాతి, విశాఖ, అనూరాధ కార్తెలు.

ఈ కాలంలో పంట కోరేది పొడి ఆకాశం. వరి పూతమీద ఉండగా ఎడతెగని వాన పడితే పుప్పొడి కొట్టుకొనిపోయి తాలు గింజలు పెరుగుతాయి. కంకి పండిన పిదప ఈదురుగాలి వీస్తే చేను నేలవాలుతుంది. పొలంలో నీరు నిలిస్తే కొద్ది దినాలలోనే గింజ కంకిలోనే మొలకెత్తుతుంది. మొలకెత్తకపోయినా రంగు మారుతుంది, మరలో నూక అవుతుంది. ప్రభుత్వ కొనుగోలులో ధాన్యానికి తేమ 17 శాతం మించరాదు. ప్రత్తికి విచ్చిన కాయపై వాన పడితే దూది మసకబారుతుంది. వేరుశనగకు రెండు వైపులా ఆపదే: నేల బిగిస్తే కాయలు తెగి మట్టిలో ఉండిపోతాయి, తడి నిలిస్తే గుత్తి రకాలలో గింజ కాయలోనే మొలుస్తుంది.

విత్తు కోరేది మాత్రం నేలలో తేమ. కర్నూలు, ప్రకాశం, కడప సీమల నల్లరేగడి భూములలో శనగను అక్టోబరు, నవంబరు మాసాలలో చల్లుతారు. ఆ పైరు ఎక్కువగా నేలలో నిలిచిన తేమ మీదనే పండుతుంది. వాన ముందే ఆగిపోతే విత్తనం పడే లోతులో తేమ ఉండదు. ఆగకుండా కురిస్తే గొర్రు పొలంలో దిగదు. నెల్లూరు సీమ తీరు వేరు. అక్కడ ఏటి వర్షంలో సగానికి మించి ఈ చివరి మూడు మాసాలలోనే కురుస్తుంది. ఆ నీటితో చెరువులు నిండితేనే నారు, నాటు సాగుతాయి. కృష్ణా డెల్టా రైతు ఏ మేఘాన్ని చూసి బెదురుతాడో, నెల్లూరు రైతు ఆ మేఘానికే ఎదురుచూస్తాడు.

కోతా విత్తూ ఒకే పొలంలో పెనవేసుకొన్న చోట ఈ చిక్కు మరింత బిగుస్తుంది. కృష్ణా డెల్టాలో వరి కోతకు కొన్ని దినాల ముందు, నిలిచి ఉన్న చేనిలోనే మినుము చల్లుతారు. కోత అయిన పిదప ఆ మొలక మిగిలిన తడినీ మంచునూ ఆధారం చేసికొని పెరుగుతుంది. వాన వల్ల కోత వెనుకబడితే మినుము కూడా వెనుకబడుతుంది. నీరు నిలిస్తే చల్లిన విత్తనం కుళ్ళుతుంది. వరి ఆదాయం పెట్టుబడికీ కౌలుకూ చెల్లిపోయే కౌలు రైతుకు చేతిలో మిగిలేది ఆ మినుమే. కావున ఒక వారపు వాన అతని రెండు పంటలనూ ఒక్కసారే తాకుతుంది.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వేలాది ప్రాణాలను బలిగొన్నది; పండిన పొలాలపై ఉప్పునీరు పారింది. 2023 డిసెంబరు 5న బాపట్ల వద్ద తీరం దాటిన మిచౌంగ్ తుపాను కోతకు వచ్చిన వరిని నేలవాల్చింది, కళ్ళాలలోని ధాన్యాన్ని తడిపింది. ఒక మాసం ముందే కోత ముగిసి ఉంటే ఆ ధాన్యం గాదెలో ఉండేది.

మరి చేయదగినదేమి? మొదటిది, పంట కాలాన్ని ముందుకు జరపడం. 2022లో గోదావరి డెల్టా కాలువలకు జూన్ 1ననే నీరు వదలడంలోని ఉద్దేశాలలో ఇదొకటి. రెండవది, పండిన పిదప కొన్నాళ్ళు మొలకెత్తని నిద్రావస్థ గల వరి రకాలను ఎంచుకోవడం. మూడవది, వాన పడిన వెంటనే పొలంలోని నీటిని బోదెల ద్వారా తీసివేసి, లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపిన ద్రావణాన్ని కంకులపై చల్లడం. దీనివలన మొలక కొంతవరకు ఆగుతుంది. నాలుగవది, ఆరబెట్టే వసతి. పూర్వం కోసిన పనలను ఆరనిచ్చి, కుప్ప వేసి, తీరికగా నూర్చేవారు. నేడు కోత యంత్రం ఒక పూటలో పని ముగిస్తుంది గాని, గింజను పచ్చిగానే చేతికిస్తుంది. అందువల్లనే ధాన్యం రోడ్ల మీదికి వచ్చింది. కళ్ళాలు, పరదాలు, ఆరబెట్టే యంత్రాలు ఊరూరా లేనిదే యంత్రం వలన కలిగిన వేగం వానకు అర్పణ కాక తప్పదు.

ఏటి చివర వర్షపాత పట్టికలలో ‘సాధారణం’ అన్న మాట మనకు కనిపిస్తుంది. మొత్తం సాధారణమే కావచ్చును. కాని అందులో రెండు దినాల వాన విశాఖ కార్తెలో, కోసి పరచిన పనల మీద పడి ఉండవచ్చును. ఎంత కురిసినదన్న ప్రశ్నకు పట్టిక సమాధానం చెబుతుంది. ఎప్పుడు కురిసినది, ఏ పొలం మీద కురిసినదన్న ప్రశ్నకు రైతే చెప్పవలెను. మన విద్యార్థులలో పలువురు ఆ ఇళ్ళ నుండి వచ్చినవారే. సెలవులకు వెళ్ళినప్పుడు ఊరిలో వాన పడిన దినమూ, కోత దినమూ, విత్తిన దినమూ ఒక పుస్తకంలో వరుసగా వ్రాసి ఉంచితే, అది ఆ ఊరికి ఏ పట్టికా ఇవ్వలేని లెక్క అవుతుంది. పంట నష్టాన్ని అంచనా వేయ వచ్చిన అధికారి ముందు పెట్టడానికి రైతు చేతిలో ఒక ఆధారమూ ఉంటుంది.