వేళ్లు తాకని వింటినారి!

విల్లంటే వేళ్లతో నారి లాగి బాణం వదలడమే కదా అనుకుంటాం. కానీ విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ బాణం వేసేటప్పుడు వేళ్లు నారిని పట్టుకోవు. ఆమెది రెండు కొసలా చక్రాలుండే కాంపౌండ్ విల్లు. నారిని పట్టేదీ, వదిలేదీ అరచేతిలో ఇమిడిపోయే 'రిలీజ్ ఎయిడ్'.

నారికి బాణం తగిలించే చోట చిన్న తాడు ఉచ్చు ఉంటుంది. ఈ పరికరం కొక్కేన్ని దానికి తగిలించి లాగుతారు. పోటీల్లో వింటి బిగువు 60 పౌండ్ల దాకా, అంటే సుమారు 27 కిలోల దాకా ఉండొచ్చు. పూర్తిగా లాగాక చక్రాల పుణ్యమా అని ఆ భారం బాగా తగ్గుతుంది. తాపీగా గురిచూసి మీట నొక్కితే కొక్కెం విడిపోతుంది. కొన్నింటికి మీట ఉండదు, పిడిని కాస్త తిప్పితే చాలు.

చిక్కంతా లాగేటప్పుడే! పొరపాటున మీటమీద వేలు పడిందా... లాగుతున్న చెయ్యి వచ్చి సొంత మూతికే తగలొచ్చు. బాణం ఎటు పోతుందో చెప్పలేం. అందుకే కొన్ని పరికరాలకు 'సేఫ్టీ' పెడతారు. బొటనవేలితో దాన్ని నొక్కి ఉంచినంతసేపూ కొక్కెం వదలదు. కొత్తవాళ్లు విల్లు పట్టకముందే ఉత్త తాడుముక్కతో ఇదంతా సాధన చేయడం మంచిది.

2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల వ్యక్తిగత ఫైనల్లో లక్ష్యం 50 మీటర్ల దూరం. పది పాయింట్ల వలయం వెడల్పు 8 సెంటీమీటర్లే. సురేఖ 15 బాణాల్లో 14 అందులోనే దిగాయి, ఒక్కటి తొమ్మిదిలో!