కనిష్ఠం, గరిష్ఠం, మోడల్: మూడు అంకెల వెనుక లెక్క

బేరానికి ముందు ఏ సగటు చూడాలి?

వ్యవసాయ మార్కెట్ల రోజువారీ ధరల పట్టికలో ప్రతి సరకు ఎదుట మూడు అంకెలు ఉంటాయి: కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, మోడల్ ధర. ఆగ్‌మార్క్‌నెట్ పట్టికలోనూ, 2016 ఏప్రిల్ 14న 21 మార్కెట్లతో ప్రారంభమైన జాతీయ వ్యవసాయ మార్కెట్ (ఈ-నామ్) పట్టికలోనూ ఇదే వరుస. మొదటి రెండింటి అర్థం అందరికీ తెలిసిందే. మూడవ దాని దగ్గరే తికమక. కొందరు దీన్ని 'నమూనా ధర' అనుకుంటారు, మరికొందరు 'సగటు ధర' అనుకుంటారు. రెండూ సరికావు. ఇది పదో తరగతి గణితంలో పిల్లలు చదివే 'బాహుళకం'. అంటే ఆ రోజు ఎక్కువ బేరాలు ఏ ధర వద్ద తెగాయో ఆ ధర.

పరీక్ష అయిపోగానే మరచిపోయే ఈ పాఠం యార్డులో మాత్రం రోజూ అక్కరకు వస్తుంది. మరచిన వర్తకుడు నష్టపోయే అవకాశమూ ఉంది.

తొమ్మిది లాట్ల లెక్క

గుంటూరు యార్డులో ఒకనాడు ఒకే రకం ఎండు మిర్చి తొమ్మిది లాట్లు అమ్ముడయ్యాయనుకుందాం. క్వింటాలు ధరలు, తక్కువ నుంచి ఎక్కువకు, ఇలా ఉన్నాయనుకుందాం (ఈ అంకెలు లెక్క కోసం వేసుకున్నవి మాత్రమే):

రు. 10,500; 11,000; 11,000; 11,000; 11,500; 12,000; 12,500; 13,500; 15,000.

అన్నీ కూడితే రు. 1,08,000. తొమ్మిదితో భాగిస్తే రు. 12,000. ఇది అంకమధ్యమం, అంటే మామూలు సగటు.

వరుసలో సరిగ్గా నడుమ ఉన్నది అయిదవ లాటు, రు. 11,500. ఇది మధ్యగతం. దీనికి కింద నాలుగు లాట్లు, పైన నాలుగు లాట్లు.

ఎక్కువసార్లు పలికినది రు. 11,000. ఇది బాహుళకం, పట్టికలోని మోడల్ ధర.

ఇక కనిష్ఠ గరిష్ఠాలు రెండూ కలిపి సగం చేసే అలవాటు కొందరికి ఉంది. అలా చేస్తే రు. 12,750 వస్తుంది. తొమ్మిది లాట్లలో రెండు మాత్రమే ఆ ధరను దాటాయి. ఒక్క డీలక్స్ లాటు రు. 15,000 పలికినందువల్ల లెక్క అంత పైకి పోయింది. నాలుగు అంకెల్లో నమ్మదగనిది ఇదే.

టిక్కీల బరువు చూడాలి

పై సగటులోనూ ఒక లోపముంది. వంద టిక్కీల లాటును, ఇరవై టిక్కీల లాటును అది ఒకే తూకంలో వేస్తుంది. సరకు ఎంత వచ్చిందో కూడా చేర్చి చూద్దాం:

రు. 10,500 వద్ద 60 టిక్కీలు, రు. 11,000 వద్ద మూడు లాట్లలో 360, రు. 11,500 వద్ద 60, రు. 12,000 వద్ద 50, రు. 12,500 వద్ద 30, రు. 13,500 వద్ద 20; రు. 15,000 వద్ద 20. మొత్తం 600 టిక్కీలు.

ప్రతి ధరను దాని టిక్కీలతో హెచ్చవేసి, అన్నీ కూడి, 600తో భాగిస్తే రు. 11,375 వస్తుంది. దీన్ని భారిత సగటు అంటారు. ప్రభుత్వ టోకు ధరల సూచిక కూడా ఈ పద్ధతి మీదనే నడుస్తుంది. 2011-12 ఆధార సంవత్సరంగా 2017లో విడుదలైన శ్రేణిలో ప్రాథమిక సరకులకు 22.62 శాతం, ఇంధనానికి 13.15 శాతం, తయారీ వస్తువులకు 64.23 శాతం భారం ఇచ్చారు.

రు. 12,000కు, రు. 11,375కు మధ్య తేడా క్వింటాలుకు రు. 625. టిక్కీకి 40 కిలోల చొప్పున 600 టిక్కీలంటే 240 క్వింటాళ్లు. ఆ లెక్కన తేడా అక్షరాలా లక్షా యాభై వేల రూపాయలు. మామూలు సగటును కొనుగోలు ధరగా భావించి పై ఊరి పార్టీకి కొటేషన్ పంపిన బ్రోకరుకు ఆర్డరు చేజారవచ్చు. శీతల గిడ్డంగిలోని నిల్వకు అదే సగటున విలువ కట్టి అప్పు తెచ్చిన వర్తకుడు, అమ్మకం నాడు లేని సొమ్ముకు జవాబు చెప్పవలసి వస్తుంది.

రైతుకూ, కమీషన్ ఏజెంటుకూ మధ్య వచ్చే మాట పట్టింపులకు మూలం కూడా చాలాసార్లు ఇదే. 'మిర్చి పదిహేను వేలు పలికింది' అన్న కబురు ఊరికి చేరుతుంది. ఆ ధర దక్కినది 600 టిక్కీలలో 20కి మాత్రమే. 420 టిక్కీలు, అంటే నూటికి డెబ్బయి, రు. 11,000కో అంతకు తక్కువకో పోయాయి. కబురు అబద్ధం కాదు, కాని మార్కెట్టు స్థితిని అది చెప్పదు.

మద్దతు గీతకు పైనా, కిందా?

2025 ఫిబ్రవరిలో మిర్చి ధరలు పడిపోయినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద ఆంధ్రప్రదేశ్ మిర్చికి క్వింటాలుకు రు. 11,781 ధర నిర్ణయించింది. 2.54 లక్షల టన్నుల వరకు పథకం వర్తిస్తుందని ప్రకటించింది. మిర్చికి కనీస మద్దతు ధర లేనందువల్ల ఈ అంకెకు అప్పట్లో ఎంతో ప్రాధాన్యం వచ్చింది.

పై తొమ్మిది లాట్లను ఈ గీత పక్కన పెట్టి చూస్తే విషయం బోధపడుతుంది. మామూలు సగటు (12,000) గీతకు పైన ఉంది. మధ్యగతం (11,500), భారిత సగటు (11,375), బాహుళకం (11,000) మూడూ కింద ఉన్నాయి. ఒకే యార్డు, ఒకే రోజు, అవే బేరాలు. అయినా 'మార్కెట్టు బాగుంది' అనేవారూ, 'పడిపోయింది' అనేవారూ ఇద్దరూ అంకెలు చూపగలరు. కనుక 'సగటు ధర' అని ఎవరన్నా ముందు అడగవలసిన ప్రశ్న 'ఏ సగటు?' అన్నదే.

తాలు కలిస్తే

ఇదే వరుసకు రు. 6,000 పలికిన తాలు లాటు ఒకటి కలపండి. మొత్తం రు. 1,14,000, లాట్లు పది. మామూలు సగటు రు. 11,400కు, అంటే ఒక్కసారిగా రు. 600 దిగుతుంది. లాట్లు సరి సంఖ్య అయినందున నడుమ ఉన్న రెండింటి (11,000, 11,500) సగం తీసుకుంటే మధ్యగతం రు. 11,250, తగ్గినది రు. 250. బాహుళకం కదలదు. సరకు నాణ్యతలో తేడా ఎక్కువగా ఉన్న రోజున మామూలు సగటు కంటె మధ్యగతం, బాహుళకం నయమనడానికి కారణం ఇదే. తాలు ధరను వేరుగా చూపడంలోని సబబు కూడా ఇదే.

నిలకడ ఎంత?

సగటు ఒకటే అయినా రెండు మార్కెట్లు ఒకటి కావు. ఒకచోట అయిదు రోజుల ధరలు రు. 11,800, 11,900, 12,000, 12,100, 12,200. మరొకచోట రు. 11,000, 11,500, 12,000, 12,500, 13,000. రెండింటి సగటూ రు. 12,000. ప్రతి ధర సగటుకు ఎంత దూరంలో ఉందో చూసి, ఆ దూరాల వర్గాల సగటు కట్టి, దానికి వర్గమూలం తీస్తే మొదటి చోట సుమారు రు. 141, రెండవ చోట సుమారు రు. 707 వస్తుంది. దీనినే ప్రామాణిక విచలనం అంటారు. రెండవ మార్కెట్టులో ఒడిదుడుకులు అయిదు రెట్లు. అప్పు సొమ్ముతో సరకు పట్టేవారు సగటుతో పాటు ఈ అంకెను కూడా చూడటం మంచిది. వాయిదా వ్యాపారంలో ఒడిదుడుకులు పెరిగినప్పుడు మార్జిన్ పెంచడం వెనుక ఉన్నదీ ఇదే ఆలోచన.

పిడికెడు చూసి బస్తా

లాటు మొత్తం పరిశీలించడం ఎవరికీ సాధ్యం కాదు, నమూనా తీయక తప్పదు. పి.సి. మహలనోబిస్ 1937లో బెంగాలులో జనపనార విస్తీర్ణాన్ని నమూనా సర్వేతో అంచనా వేయడం మొదలుపెట్టారు. ఆ పద్ధతికి ప్రాణం ఒక్కటే: ఏది ఎంచాలో చూసేవాడి ఇష్టానికి వదలరాదు. యార్డులోనూ అంతే. చేతికందిన పై టిక్కీలోంచి పిడికెడు తీస్తే అమ్మేవాడు పైన ఉంచిన సరకే చేతికి వస్తుంది. పైన, నడుమ, అడుగున ఉన్న టిక్కీలలోంచి తీసి చూస్తే రంగు, తేమ, తాలు పాలు దాదాపు ఉన్నవున్నట్టు తేలుతాయి.

సాయంత్రం ధరల పట్టిక చేతికి రాగానే వర్తకులు మూడు పనులు చేయవచ్చు. మోడల్ ధర కనిష్ఠానికి దగ్గరా, గరిష్ఠానికి దగ్గరా అని చూడటం మొదటిది. కనిష్ఠానికి దగ్గరైతే ఎక్కువ బేరాలు తక్కువ ధరలకే తెగాయని, పైధర కొద్ది సరకుకే దక్కిందని అనుకోవచ్చు. తమ సొంత చిట్టాలో టిక్కీలతో హెచ్చవేసి భారిత సగటు కట్టుకోవడం రెండవది. వారానికొకసారి గరిష్ఠ కనిష్ఠాల తేడా పెరుగుతున్నదా, తగ్గుతున్నదా గమనించడం మూడవది. ఇందుకు కావలసినది ఒక పెన్సిలు, పావుగంట సమయం.