బోటు ఆగితే బ్యాటరీకి జబ్బు

మా చాగలమర్రికి సముద్రం లేదు. అయినా కాకినాడ బోటుకూ, ఇక్కడి చేలగట్టున నిలిచిపోయిన ట్రాక్టరుకూ బ్యాటరీ జబ్బు ఒకటే: పని లేకపోవడం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. లంగరేసిన బోటులో బ్యాటరీ తనంతట తానే చార్జి కోల్పోతుంది, ఎండలకు ఇంకా త్వరగా. అలాగే వదిలేస్తే సీసపు పలకలపై సల్ఫేటు గట్టిపడుతుంది.

బ్యాటరీ పోయిందనుకుని కొత్తది కొనేముందు పరీక్ష చేయాలి. పూర్తిగా చార్జి పెట్టి, కొన్ని గంటలాగి మల్టీమీటరుతో చూస్తే 12.6 వోల్టులు ఉండాలి. 12 దగ్గరుంటే దాదాపు ఖాళీ. యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటరులో ఆరు సెల్లుల్లో ఒక్కటే బాగా తక్కువ చూపితే మార్చాల్సిందే.

ఇంజిను నడుస్తుండగా 14 వోల్టుల దరిదాపుల్లోకి రాకపోతే తప్పు ఆల్టర్నేటరుదో బెల్టుదో కావచ్చు. పాపం, నింద బ్యాటరీకి!

విప్పేటప్పుడు నెగటివ్ వైరు ముందు, బిగించేటప్పుడు చివర. పాత బ్యాటరీని చెత్తలో వేయకండి, అమ్మిన దుకాణానికే ఇవ్వండి.