పిల్లల నోట్లో చుస్నీ: ఎప్పుడు, ఎలా మాన్పించాలి?

పేదింట కాన్పు అయిందని తెలిస్తే మన దాతలు వెంటనే స్పందిస్తారు. దుప్పటి, సబ్బు, పొత్తిగుడ్డలు, రెండు జతల చొక్కాలు సంచీలో సర్ది పంపిస్తారు. ఆ సంచీలో కొన్నిసార్లు ఒక పాలసీసా, ఒక చుస్నీ కూడా ఉంటాయి. చుస్నీ అంటే పాలు లేకుండా పసిబిడ్డ ఊరికే చప్పరించే రబ్బరు పీక. ప్రేమతో పెట్టినదే, కాదనలేం. కానీ దాన్ని నోట్లో పెట్టడం నిమిషం పని. మాన్పించడం ఆ తల్లికి వారాల పని, ఒక్కోసారి నెలల పని. అందుకే ఈ సంగతి ఇంట్లో మనవలున్న నానీలకు, దాదీలకు ఎంత తెలియాలో, సంచీ పంపే దాతలకూ అంత తెలియాలి.

చప్పరించడం బిడ్డకు పుట్టుకతో వచ్చిన గుణం. తల్లి కడుపులో ఉండగానే కొందరు పిల్లలు వేలు చప్పరించడం స్కానింగులో కనిపిస్తుంది. ఆకలి లేకపోయినా చప్పరిస్తూ ఉంటే బిడ్డ నెమ్మదిస్తుంది, నిద్రలోకి జారుకుంటుంది. నెలలు నిండకుండా పుట్టి గొట్టం ద్వారా పాలు తాగే పిల్లలకు కొన్ని ఆసుపత్రుల్లో నర్సులే చుస్నీ ఇస్తారు. చప్పరించడం అలవాటైతే వాళ్లు త్వరగా నోటితో పాలు తాగగలుగుతారు. నిద్రలో హఠాత్తుగా సంభవించే శిశుమరణాల ముప్పు చుస్నీ వాడే పిల్లల్లో తక్కువగా కనిపించింది. అందుకని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ నిద్రపుచ్చేటప్పుడు ఇవ్వవచ్చని చెబుతుంది, అదీ తల్లిపాలు బాగా కుదురుకున్న తర్వాతే. కాబట్టి చుస్నీ విషమేమీ కాదు. ఇచ్చిన తల్లిని తప్పు చేసినదానిలా చూడనక్కర్లేదు. అయితే ఆ ముప్పు మొదటి ఏడాదికి సంబంధించినది. ఏడాది దాటాక చుస్నీకి ఆ ఉపయోగం కూడా లేదు.

మొదటి నెలలో మాత్రం దాని జోలికి పోకపోవడమే మేలు. రొమ్మును బిడ్డ ఎంత చీకితే పాలు అంతగా పడతాయి. ఆకలి వేసిన బిడ్డ ఏడవకముందే పెదవులు కదుపుతుంది, తల అటూ ఇటూ తిప్పి వెతుక్కుంటుంది. అప్పుడు చుస్నీ పెడితే ఆ సైగ తల్లికి అందదు, ఒక పూట పాలు తప్పిపోతాయి. పాలు తగ్గితే సీసా వస్తుంది. సీసా వస్తే పాలు ఇంకా తగ్గుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి తల్లిపాల కోసం రూపొందించిన పది సూత్రాల్లో సీసాలు, పీకల వల్ల వచ్చే నష్టాలను తల్లులకు వివరించాలన్నది ఒకటి.

వయసు పెరిగేకొద్దీ నష్టం పెరుగుతుంది. ముందు చెవి. ఫిన్లాండ్‌లో కొన్ని శిశు ఆరోగ్య కేంద్రాల్లో, ఆరు నెలలు దాటాక చుస్నీని నిద్రపోయే వేళకే పరిమితం చేయమని తల్లులకు చెప్పి చూశారు. అలా చెప్పిన కేంద్రాల పిల్లల్లో మధ్యచెవి వాపు 29 శాతం తక్కువగా వచ్చిందని 2000లో ప్రచురించారు. చుస్నీని పూర్తిగా మాన్పించకుండా, తగ్గించినందుకే ఇంత తేడా.

తర్వాత పళ్లు. రెండు, మూడేళ్లు దాటినా రోజంతా నోట్లో ఉంటే పైపళ్లు ముందుకు వస్తాయి. నోరు మూసినా పైవరుసకు, కిందివరుసకు మధ్య సందు మిగులుతుంది. మూడేళ్లలోపు మానేస్తే ఆ సందు చాలామందిలో దానంతటదే పూడుకుంటుంది. ఇక మాట సంగతి చెప్పేదేముంది, నోట్లో ఎప్పుడూ పీక ఉన్న బిడ్డ మాట్లాడే అవకాశాలు తగ్గుతాయి. మన బస్తీల్లో వీటన్నిటికంటే ముందు వచ్చే బాధ విరేచనాలు. చుస్నీ నేలమీద పడుతుంది, కొంగుతో తుడిచి మళ్లీ నోట్లో పెడతారు. వాడినంత కాలం రోజూ మరిగే నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచాలి. పగుళ్లు కనబడితే పారేయాలి. దారం కట్టి మెడలో వేయడం అసలు కూడదు, అది గొంతుకు ఉరిలా బిగుసుకుపోగలదు.

మాన్పించడానికి సులువైన కాలం ఆరు నెలల నుంచి ఏడాది లోపు. అప్పటికి బిడ్డకు మొండితనం ఇంకా రాదు. చుస్నీ తీసేసి, జోకొట్టి, లోరీ పాడి, వీపు నిమిరితే మూడు నాలుగు రాత్రుల్లో చాలామంది మరిచిపోతారు. ఆ మూడు రాత్రులే కష్టం. రెండో రాత్రి అరగంట ఏడ్చాక జాలిపడి ఇచ్చేస్తే, ఈసారి అరగంట ఏడిస్తే దొరుకుతుందని బిడ్డ నేర్చుకుంటుంది. మొదలుపెట్టకపోయినా నష్టం లేదు గానీ, మొదలుపెట్టి మధ్యలో వదిలితే పని రెట్టింపు అవుతుంది.

ఏడాది దాటిన పిల్లలకు మెట్లు మెట్లుగా తగ్గించాలి. మొదట బయటికి వెళ్లేటప్పుడు ఇంట్లోనే వదిలి వెళ్లాలి. తర్వాత ఆటల వేళ మాన్పించాలి. ఆపై చుస్నీ పడక దగ్గరే ఉండాలి, పడక దిగితే అక్కడే వదలాలి. బిడ్డ ఏదైనా చెప్పబోతే, "అది తీసి చెప్పు బేటా, నాకు వినబడటం లేదు" అనాలి. నిద్ర పట్టగానే మెల్లగా నోట్లోంచి లాగేయాలి. చివరికి మిగిలేది నిద్రపట్టే పది నిమిషాలు. ఆ పది నిమిషాలకు బదులు ఏమిస్తామన్నదే అసలు ప్రశ్న. అమ్మీ పాత దుపట్టా ముక్క, బట్టబొమ్మ, దాదీ చెప్పే కథ, రోజూ ఒకే లోరీ ఇలా ఏదో ఒకటి ముందుగానే అలవాటు చేసి ఆ తర్వాత చుస్నీ తీయాలి. బదులు ఏమీ ఇవ్వకుండా తీస్తే బిడ్డ వేలు నోట్లో పెట్టుకోవచ్చు. చుస్నీని దాచగలం, వేలిని దాచలేం.

రెండున్నరేళ్ల పిల్లలతో మాట్లాడి ఒప్పించవచ్చు. ఒక రోజు అనుకుని, నాలుగు రోజుల ముందు నుంచి చెబుతూ, ఆ రోజు వాళ్ల చేతులతోనే చుస్నీని ఇప్పించి, కోరిన బొమ్మ కొనివ్వాలి. కాకి ఎత్తుకుపోయిందని చెప్పడం తేలిక. కానీ అబద్ధం చెప్పి తీసినది బీరువాలో బయటపడిన నాడు తల్లి మాటకు విలువ ఉండదు. జ్వరం వచ్చినప్పుడు, చెల్లి పుట్టిన నెలలో, ఇంట్లో షాదీ హడావుడిలో మొదలుపెట్టకండి. రంజాన్‌లో కూడా వద్దు. సహరీ, ఇఫ్తార్, తరావీహ్‌లతో ఇంటిల్లిపాదికీ నిద్రవేళలు మారిపోతాయి. ఈద్ అయిన వారం తర్వాత ఇల్లు సర్దుకున్నాక మొదలుపెట్టవచ్చు.

చేయకూడనివి కొన్ని ఉన్నాయి. కారం, వేపరసం పూయడం క్రూరత్వం. చివర కత్తిరించి ఇవ్వమని కొందరు సలహా ఇస్తారు. ఆ ముక్క ఊడి గొంతులో అడ్డుపడితే ప్రాణాపాయం. అన్నిటికంటే ప్రమాదం తేనెలో ముంచి ఇవ్వడం. ఏడాది నిండని బిడ్డకు తేనె ఏ రూపంలోనూ పెట్టకూడదు. అందులో ఉండగల క్రిమిబీజాలు పసిపేగుల్లో పెరిగి బోటులిజం అనే జబ్బు తెస్తాయి, కండరాలు చచ్చుబడతాయి. తహ్నీక్‌కు ఆనవాయితీగా వచ్చినది ఖర్జూరమే కనుక దానికి బదులు తేనె నాకించే అలవాటు ఉన్న ఇళ్లవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇదంతా తల్లి ఒక్కతే చేయగలిగేది కాదు. పగలంతా ఆమె చుస్నీ ఇవ్వకుండా ఓర్చుకుంటే, సాయంత్రం పనినుంచి వచ్చిన అబ్బా ఏడుపు భరించలేక ఇచ్చేస్తాడు. బకరా సూరా 233వ ఆయత్ బిడ్డకు పాలు మాన్పించే విషయంలో తల్లిదండ్రులు సంప్రదించుకుని పరస్పర అంగీకారానికి రావడం గురించి చెబుతుంది. అది పాల సంగతే అయినా, చుస్నీకీ ముందు కావలసింది ఆ సంప్రదింపే. ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే తల్లికి, జరీ పని చేసే తల్లికి చుస్నీ ఒక చేతి సాయం లాంటిది. బిడ్డ ఊరుకుంటేనే పని సాగుతుంది. ఆమెకు ఉపదేశం కన్నా, రోజూ ఒక గంట బిడ్డను ఎత్తుకునే మనిషి అవసరం. పక్కింటి ఖాలా అయినా సరే, బస్తీలో ఒక గదిలో నడిచే చిన్న శిశు సంరక్షణ కేంద్రమైనా సరే.

దాతలకు ఒక చట్టం సంగతి కూడా చెప్పాలి. శిశువుల పాలపొడి, పాలసీసాలకు సంబంధించి మన దేశంలో 1992లో చట్టం వచ్చింది, 2003లో దాన్ని సవరించారు. దాని ప్రకారం పాలపొడి, పాలసీసాలు ఇష్టం వచ్చినట్టు దానంగా పంచకూడదు. అనాథ శిశువుల ఆశ్రమాల వంటివాటికే మినహాయింపు. సీసా అంటే దానికి తగిలించే పీక కూడా అందులోకే వస్తుంది. ఉత్త చుస్నీని ఆ చట్టం పేర్కొనలేదు, కానీ సీసా తీసేసిన సంచీలో చుస్నీ మిగల్చడంలో అర్థం లేదు. ఆ డబ్బుతో మరో నాలుగు మెత్తటి నూలుగుడ్డలు, ఒక దోమతెర, బాలింతకు నెలకు సరిపడా కందిపప్పు, వేరుశనగలు, గుడ్లు పెట్టవచ్చు. తల్లికి పాలు పట్టకపోతే సీసా పంపడం కంటే, ఆమెను ఆటోలో దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లి, బిడ్డకు రొమ్ము పట్టించే తీరు నర్సు చేత చూపించడం మంచిది. ఆటో ఖర్చు, తోడు మనిషి ఖర్చు జమాఖర్చుల్లో చిన్నవే.