ఎరుపు తగ్గింది, చుక్కలు ఆపేద్దామా?

పి.గన్నవరం వైపు ఎవరైనా నీటికాసుల ఆపరేషన్ చేయించుకుని ఇంటికొస్తే, పరామర్శకు వచ్చినవాళ్లు తలా ఒక సలహా ఇచ్చి వెళతారు. వాటిలో కొన్ని కంటికే ఎసరు పెడతాయి.

అపోహ: ఎరుపు తగ్గితే చుక్కలు మానేయొచ్చు.

వాస్తవం: అన్నిటికన్నా చేటు ఇదే. 1968 నుంచి వాడుకలో ఉన్న ట్రాబెక్యులెక్టమీ అనే ఈ ఆపరేషన్‌లో, లోపలి నీరు బయటికి పోవడానికి తెల్లగుడ్డులో సన్నటి దారి చేస్తారు. ఏ గాయమైనా త్వరగా మానాలనుకుంటాం. ఇది పూర్తిగా మానిందంటే మాత్రం ఆపరేషన్ వృథా. కన్ను తెల్లబడ్డా లోపల వాపు మిగిలే ఉండొచ్చు. అది మచ్చ కట్టిందంటే, బోదెలో పూడిక చేరినట్టు ఆ దారి మూసుకుపోయి కంటిలో ఒత్తిడి మళ్లీ పెరుగుతుంది. అందుకే ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్ చుక్కలు మొదట తరచుగా, తర్వాత మెల్లగా తగ్గిస్తూ వారాల తరబడి, చాలామందికి 6 నుంచి 8 వారాలు, వేయిస్తారు. సీసా అడుగున తెల్లటి మడ్డి కనిపిస్తే పాడైందని పారేయకండి. అసలు మందు అదే, బాగా కుదిపి వేయాలి. కింది రెప్ప లాగి ఒక్క చుక్క చాలు. రెండో మందుకు 5 నిమిషాలు ఆగాలి. కనుగుడ్డును నలపకూడదు.

అపోహ: స్టెరాయిడ్ ఒత్తిడిని పెంచుతుంది, నీటికాసులవాళ్లకు పనికిరాదు.

వాస్తవం: సగం నిజమే. మామూలు జనంలోనే దాదాపు మూడోవంతు మందికి ఎంతో కొంత పెరుగుతుంది. నీటికాసులున్నవారిలో ఇంకా ఎక్కువమందికి. మాటిమాటికీ పిలిచి ఒత్తిడి కొలిచేది అందుకే. చీటీ లేకుండా మందుల షాపులో అదే సీసా కొని నెలల తరబడి దురదకీ మంటకీ వేసుకోవడం వేరు. లేని నీటికాసులు వచ్చేది అలాగే.

ఇక పప్పు తింటే చీము పడుతుందని, వంకాయ తగలకూడదని పెట్టే పథ్యాలకు ఆధారం లేదు, శుభ్రంగా తినొచ్చు. నందివర్ధనం పూలు, తేనె, ఆముదం, చనుబాలు మాత్రం కంటి దగ్గరికి రానివ్వొద్దు. గన్నవరం అక్విడక్టు మీదుగా పారే కాలవ నీళ్లు ఎంత తేటగా కనిపించినా, డాక్టరు సరేననేదాకా అందులో మునక వద్దు.

అపోహ: ఆపరేషనై ఏళ్లయింది, ఇక భయం లేదు.

వాస్తవం: ఆపరేషన్‌లో చేసిన దారి గుండా వచ్చిన నీరు చేరే చిన్న బుడిపె మీద పొర పల్చన. ఏళ్ల తర్వాత కూడా సూక్ష్మక్రిములు చొరబడొచ్చు. ఎరుపు, నొప్పి, పుసి, మసక కనిపిస్తే పాత చుక్కలు వెతుక్కోకుండా అమలాపురమో రాజమహేంద్రవరమో, కంటి సర్జన్ దొరికే చోటికి ఆ రోజే బయలుదేరాలి. ఆపరేషన్ కాగితాలు, వాడుతున్న సీసాలు సంచిలో వేసుకెళ్లండి.